బాపు నేర్పిన ఇసుక కిటుకు

ఈ వారం సద్దుల బతుకమ్మ గురించి రాద్దామనుకున్నాను. నువ్వుల సద్ది, పల్లీల సద్ది, పెరుగు సద్ది అన్నీ ఫొటోలు కూడా తీసిపెట్టుకున్నాను. కానీ ఈ దసరాకు మా ఇంట్లో జరిగిన అసలు ముచ్చట సద్దులు కాదు. మూరెడు పొడవు కూడా లేని ఒక ఇత్తడి గొట్టాల బండి. దాన్ని పక్కనపెట్టి సద్దుల గురించి రాస్తే మీ దగ్గర ఏదో దాచినట్టు ఉంటుంది. అందుకే సద్దులు వచ్చే వారం.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం మా ఇంటి సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. అత్తమ్మ, నేను, పిల్లలిద్దరం జనగామలో ఉంటాం. మా ఆయన భూపాలపల్లిలో సింగరేణి ఓపెన్‌కాస్టులో డోజర్ ఆపరేటర్. అక్కడే క్వార్టర్‌లో ఉంటారు. వారానికో, పదిరోజులకో పరకాల, హన్మకొండ మీదుగా బస్సులు మారి ఇంటికొస్తారు. నా పుట్టిల్లు మహబూబాబాద్. మాకు అది ఇప్పటికీ మానుకోటే. 2016 దాకా ఈ మూడూ ఒక్క వరంగల్ జిల్లాలోనే ఉండేవి. ఇప్పుడు మూడు జిల్లాలయ్యాయి, నా బతుకు మాత్రం ఈ మూడింటి మధ్య బస్సుల్లో, రైళ్లలోనే తిరుగుతోంది.

మా పెద్దోడు తొమ్మిదో తరగతి. వాడు ఫోన్లో ఒక పోటీ చూశాడు. బాజా ఎస్‌ఏఈ ఇండియా అని, ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలకు మన దేశంలో 2007 నుంచి జరుగుతోంది. పిల్లలే ఒక మనిషి కూర్చునే బండి తయారుచేసి, రాళ్లలో, గుంతల్లో, బురదలో నడిపి చూపించాలి. బలమంతా ఇనుప గొట్టాల్లోనే ఉంటుంది. వాటిని వంచి, అతికి, డ్రైవర్ చుట్టూ పంజరంలా కడతారు. బండి బోల్తా పడినా లోపలి మనిషి నలగకూడదన్నమాట. వాడికి ఆ పంజరం పిచ్చి పట్టుకుంది. అసలు బండికి ఎనిమిదో వంతు సైజులో బొమ్మ బండి చేసి, దానికి బ్యాటరీ మోటారు పెట్టి నడిపిస్తానని మొదలుపెట్టాడు.

గొట్టాలు ఎక్కడివి? మా వీధి చివర ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే షాపు ఉంది. అక్కడ పావు ఇంచు రాగి గొట్టం ముక్కలు మిగిలితే బతిమాలి తెచ్చుకున్నాడు. వాటిని మోకాలికి పెట్టి వంచుతాడు, తలుపు సందులో పెట్టి వంచుతాడు. వంచిన ప్రతిచోటా గొట్టం చప్పగా అణిగిపోయేది. అయినా ఒకటికొకటి ఆనించి సాల్డరింగ్ ఐరన్‌తో ఏదో అతికించాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఒక్క మాట అనలేదు. ఎందుకు అనలేదో తర్వాత చెప్తాను.

ఇంతలో ఎఫ్‌ఏ పరీక్షల మార్కులొచ్చాయి. లెక్కల్లో 20కి 7.

మా ఆయన ఇంటికొచ్చిన రాత్రే ఆ సంగతి తెలిసింది. పదకొండు దాటింది. వీడేమో ముందుగదిలో పుస్తకం తెరిచి పెట్టుకుని, దాని వెనక గొట్టానికి గరుకు కాగితం రుద్దుతున్నాడు. ఆయన పొద్దటి షిఫ్టు దిగి, మూడు బస్సులు మారి వచ్చిన మనిషి. ఒక్కసారిగా కోపం వచ్చింది. ఆ బండి తీసి వాకిట్లోకి విసిరేశారు. "నేను బొగ్గు దుమ్ము తినేది నువ్వు పైపులు అతుకుతందుకా?" అన్నారు. వాడు ఏడవలేదు, ఎదురు మాట్లాడలేదు. అన్నం తినకుండా పడుకున్నాడు. తెల్లారి ఆయన బస్సెక్కేటప్పుడు కూడా లేవలేదు, లేచే ఉన్నాడని మా ఇద్దరికీ తెలుసు.

ఆ తర్వాత దాదాపు పదిహేను రోజులు తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. ఫోన్ వస్తే "చదువుకుంటున్న అని చెప్పు" అంటాడు వీడు. "సరే, చదువుకోనియ్" అంటారు ఆయన. మధ్యలో నేను, చెవి దగ్గర ఫోన్ పట్టుకుని. ఈ ఉద్యోగం మనలో ఎంతమంది చేస్తుంటామో మీకు చెప్పక్కర్లేదు.

విసిరేసిన తెల్లారి వాకిలి ఊడుస్తుంటే ఆ బండి గడప పక్కన దొరికింది. ఒక అతుకు ఊడింది, రెండు గొట్టాలు మడతపడ్డాయి. చీపురు పక్కనపెట్టి కూర్చుని తిప్పి తిప్పి చూశాను. ఊడిన అతుకు కన్నా, ఊడని వంపులు చూస్తే బాధేసింది. ప్రతి వంపూ అణిగిపోయి ఉంది. ఇది విసిరేయకపోయినా నాలుగు రోజుల్లో మడతపడేదే.

కొన్ని రోజులు ఊరుకున్నాను. ఒక మధ్యాహ్నం వాడు అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే అన్నాను.

"డాడీ విసిరేసినందుకు విరిగిందనుకుంటున్నవా? అది అంతకుముందే పోయింది. ఖాళీ గొట్టాన్ని వంచినవ్."

వాడు తలెత్తి చూశాడు. "నీకేం తెలుసు?"

నాకేం తెలుసో మా అత్తగారింట్లో ఎవరికీ తెలియదు. పదిహేడేళ్లుగా ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మా బాపుది మానుకోటలో స్టేషన్ దగ్గర సైకిల్ షాపు. పంక్చర్లు, ఓవరాలింగే కాదు, గ్యాస్ పెట్టి ఫ్రేములు అతకడం, హ్యాండిళ్లు వంచడం, చిన్నపిల్లల సీట్లు చేయడం అన్నీ ఆయన చేతిపనే. అప్పటి నల్ల సైకిళ్లలో గొట్టాలు కలిసేచోట ఇనుప తొడుగు ఉంటుంది, లోపల ఇత్తడి కరిగించి పోసి అతుకుతారు. మా తమ్ముడు క్రికెట్‌కు పోయేవాడు, నేను షాపుకు పోయేదాన్ని. ఎనిమిదేళ్లకే గొట్టంలో ఇసుక దట్టించడం నా పని. పదేళ్లకు వెలిగారం కలపడం, పన్నెండేళ్లకు వంపు పట్టుకోవడం వచ్చింది. "నీ చెయ్యి కుదురు బిడ్డా" అనేవారు బాపు. పెద్దమనిషినయ్యాక అమ్మ ఒకటే మాట చెప్పింది, షాపు దిక్కు పోవద్దని. స్టేషన్ దగ్గర పదిమంది మగవాళ్లు వచ్చిపోయే చోటు. బాపు ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. అంతే, ఆగిపోయింది. పెళ్లిచూపుల్లో వంట వచ్చా, కుట్టు వచ్చా అని అడిగారు గానీ గొట్టం వంచడం వచ్చా అని ఎవరడుగుతారు?

అన్నం తిన్నాక స్టౌ వెలిగించి బాండీలో ఇసుక వేశాను. అత్తమ్మ చూసి "పేలాలు వేయిస్తున్నవా ఏంది?" అంది. మంగలంలో పేలాలు వేయించేటప్పుడు ఇసుక ఎట్లా వేడిచేస్తామో సరిగ్గా అట్లాగే. చాయ్ జాలీతో జల్లించి, తేమ చుక్క లేకుండా వేయించాలి. ఇది బాపు మొదటి నియమం. ఇసుకలో తడి ఉంటే, గొట్టాన్ని మళ్లీ వేడి చేసినప్పుడు అది ఆవిరై, మూసిన బిరడాను తన్నుకుని బయటకొస్తుంది. కళ్లకు కొడితే అంతే సంగతులు.

రెండోది, గొట్టాన్ని మెత్తబరచడం. రాగైనా ఇత్తడైనా మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లారిస్తే మెత్తబడుతుంది. నీళ్లలో ముంచినా ఏం కాదు. ఉక్కు కత్తిని అట్లా ముంచితే గట్టిపడుతుంది, వీటి స్వభావం వేరు. కానీ వంచుతున్నకొద్దీ ఇవి మళ్లీ బిగుసుకుపోతాయి. చేతికి ఎదురుతిరుగుతున్నట్టు అనిపించగానే ఆగి, మళ్లీ కాల్చాలి. మొండికేస్తే చిట్లుతుంది.

మూడోది, చల్లారిన గొట్టానికి ఒక చివర పుల్లతో బిరడా కొట్టి, ఇసుక పోసి, నేలమీద తట్టుతూ దట్టించి, రెండో చివర కూడా బిగించాలి. ఖాళీ గొట్టం ఎందుకు అణుగుతుందో మావాడికి బాపు చెప్పినట్టే చెప్పాను. వంచేటప్పుడు బయటివైపు సాగుతుంది, లోపలివైపు కుదించుకుంటుంది. మధ్యలో ఆసరా లేదు కాబట్టి రెండు గోడలూ ఒకదాని మీదికి ఒకటి వచ్చి పడతాయి. ఇసుక ఉంటే పడటానికి చోటుండదు. వంపు గుండ్రం కూడా గొట్టం మందానికి కనీసం మూడింతలుండాలి. అంతకన్నా బిగువుగా తిప్పితే ఇసుక కూడా కాపాడలేదు.

నా చపాతీ కర్ర అడ్డంపెట్టి, రెండు బొటనవేళ్లతో మెల్లగా తోసుకుంటూ వంచాను. ఎన్నేళ్లయింది! చేయి వణుకుతుందేమో అనుకున్నాను. వణకలేదు. బిరడా తీసి ఇసుక దులిపేసరికి వంపు నున్నగా, చేప వీపులా ఉంది. మావాడు దాన్ని వేలితో తడిమి చూసి, "ఇంకోటి నేను చేస్త" అన్నాడు. పది రోజుల్లో వాడు నాతో అన్న మొదటి పూర్తి వాక్యం అది.

దసరా సెలవులిచ్చారు. ఎంగిలిపూల బతుకమ్మకు పిల్లల్ని తీసుకుని గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో మానుకోట వెళ్లాను. వాడి సంచిలో బట్టలకన్నా రాగి ముక్కలే ఎక్కువ.

మా బాపుకు మూడేళ్ల కింద పక్షవాతం వచ్చింది. కుడిచేయి పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది, అందుకని మాట్లాడటమే తగ్గించారు. షాపు గదిలో ఇప్పుడు మొబైల్ రిపేర్ల అబ్బాయి అద్దెకున్నాడు. బాపు వాకిట్లో కుర్చీ వేసుకుని రోడ్డు మీద పోయే సైకిళ్లు చూస్తారు. ఇప్పుడు సైకిళ్లు కూడా పెద్దగా పోవు.

మావాడు తాత ఒళ్లో ఒక గొట్టం పెట్టాడు. ఇసుక నింపి, బిరడాలు కొట్టి, వంచడానికి సిద్ధంగా ఉంచింది. బాపు ఎడమచేత్తో తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నారు. గోటితో తట్టారు. మధ్యలో తట్టారు, చివర తట్టారు. తల అడ్డంగా ఊపారు. వాడికి అర్థం కాలేదు, నాకు అర్థమైంది. నిండుగా దట్టిస్తే మొద్దుగా 'టప్' అంటుంది. ఎక్కడైనా బోలు మిగిలితే అక్కడ శబ్దం మారుతుంది. వంపు అక్కడే అణుగుతుంది. బిరడా తీసి చూస్తే నిజంగానే ఇసుక కిందికి దిగి, పైన అరంగుళం ఖాళీ ఉంది. మళ్లీ నింపి, ఇంకా తట్టి తీసుకెళ్లాడు. బాపు మళ్లీ విన్నారు. ఈసారి తల ఊపలేదు, గొట్టం తెచ్చి నా చేతిలో పెట్టారు. ముద్దమాటతో "నువ్వు... వంచు" అన్నారు.

అమ్మ బతుకమ్మకు తంగేడు పూలు తెంపుతూ అక్కడే కూర్చుంది. నేను వంచుతుంటే చూసింది. ఏమీ అనకుండా లేచి లోపలికి వెళ్లి, అటక మీద నుంచి ఒక రేకు డబ్బా దింపి తెచ్చింది. అందులో బాపు పట్కార్లు, సన్నటి గుండ్రటి ఆకురాయి, సగం వెలిగారం పొట్లం. "షాపు ఖాళీ చేసినప్పుడు ఇనుపసామానోడు అడిగిండు. ఇది ఇయ్యలే" అంది. మళ్లీ పూల దగ్గర కూర్చుంది. నేనూ ఏమీ అడగలేదు. మా ఇంట్లో పెద్ద మాటలన్నీ ఇట్లాగే జరుగుతాయి.

రాత్రి రాగి బండి మీద బ్యాటరీ పెట్టి చూశాడు మావాడు. నడుము కిందికి కుంగింది. బాపు బొటనవేలితో నొక్కి, "మెత్తది" అన్నారు. రాగి వంగడానికి మంచిదే, మోయడానికి కాదు. ఇత్తడి కావాలి. వాడి లెక్క ప్రకారం గొట్టం మందం 4 మిల్లీమీటర్లే ఉండాలి. ఎందుకంటే అసలు బండ్ల గొట్టాలు ఇంచు, ఇంచుంపావు ఉంటాయి, అందులో ఎనిమిదో వంతు. అంత సన్నటి ఇత్తడి గొట్టం ఎక్కడ దొరుకుతుంది?

మనం ఇంటి పక్కనున్నదాన్ని చివరికి గుర్తుచేసుకుంటాం. జనగామ పక్కనే పెంబర్తి. వరంగల్ రోడ్డు మీద వెళ్లినవాళ్లందరూ ఆ ఇత్తడి కళాకృతుల దుకాణాలు చూసే ఉంటారు. కాకతీయుల కాలం నుంచి వస్తున్న పని అంటారు. గుడి తలుపులకు, దేవుడి వాహనాలకు, ధ్వజస్తంభాలకు ఇత్తడి రేకు తొడుగులు అక్కడే చేస్తారు. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. రేకును లక్క మీద అమర్చి, వెనకనుంచి, ముందునుంచి చిన్న చిన్న ఉలులతో కొట్టుకుంటూ బొమ్మ తేలుస్తారు. ఇప్పుడైతే సన్మానాల్లో ఇచ్చే మెమెంటోల పనే ఎక్కువ.

మానుకోట నుంచి వచ్చిన రెండోరోజే వాణ్ని తీసుకుని ఆటోలో వెళ్లాను. ఒక పెద్దాయన పనిచేసుకుంటున్నారు. మావాడు ఫోన్లో బండి చూపించి విషయం చెప్పాడు. ఆయన కళ్లద్దాలు పైకి తోసి, "రేకు పనోళ్లం గదా, గొట్టం మా దగ్గరేడిది బిడ్డా" అన్నారు. కాసేపాగి ఆయనే నవ్వారు. "ధ్వజస్తంభం తొడుగు కూడా గొట్టమే గదా తియ్యి."

సన్నటి ఇత్తడి రేకు పట్టీ కత్తిరించి, ఇనుప కమ్మీ చుట్టూ చుట్టి, సందును టంకంతో మూసి, కమ్మచ్చులోంచి లాగారు. కమ్మచ్చు అంటే వరుసగా చిన్నచిన్న చిల్లులున్న ఉక్కు పలక, బంగారు పనివాళ్లు తీగ లాగడానికి వాడేది. ఒక్కో చిల్లు దాటుతున్నకొద్దీ గొట్టం సన్నబడి, గుండ్రంగా, బిగువుగా వస్తుంది. రెండు రోజుల పని. ఊరికే చేయించుకోవడం నాకు ఇష్టం లేదు. నా బతుకమ్మ చీరకని దాచుకున్న డబ్బుల్లోంచి ఇచ్చాను. ఈసారి పాత చీరే కట్టాను, ఎవరూ గుర్తుపట్టలేదు.

ఆయన చెప్పిన మాట ఒకటి మావాడు పుస్తకంలో రాసుకున్నాడు. "అతుకు గీత వంపుకు లోపల రావద్దు, బయట రావద్దు. పక్కకు పెట్టి వంచు." లోపల కుదించుకుంటుంది, బయట సాగుతుంది, పక్కన మాత్రం రెండూ పెద్దగా ఉండవు. అందుకే గీత అక్కడుంటే విచ్చుకోదు. మా బాపు సైకిల్ గొట్టానికి చెప్పిన మాటే.

ఇక అతకడం. మావాడి సాల్డరింగ్ అతుకులు ఎందుకు ఊడాయో ఆయన ఒక్క చూపుతో చెప్పారు. గొట్టం చివర చదునుగా కోసి, ఇంకో గొట్టం గుండ్రటి వీపుకు ఆనిస్తే రెండూ కలిసేది రెండు చుక్కల దగ్గరే. చివరను గుండ్రటి ఆకురాయితో చేప నోరులా అరగదీయాలి, అప్పుడు రెండోదాన్ని కౌగిలించుకున్నట్టు కూర్చుంటుంది. సందు వెంట్రుకంతే ఉండాలి. దీపం వత్తి నూనెను పీల్చుకున్నట్టు, కరిగిన టంకాన్ని ఆ సన్నటి సందే లోపలికి లాక్కుంటుంది. సందు ఎక్కువైతే టంకం బొట్లుబొట్లుగా జారిపోతుంది. అతికే చోటు ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండుతో మెరిసేలా తోమి, వెలిగారం ముద్ద రాయాలి. వేడి టంకానికి కాదు, గొట్టానికి పెట్టాలి. గొట్టం వేడెక్కితే టంకం దానంతటదే పరిగెత్తుతుంది.

ఇంకో రెండు సంగతులు కూడా ఆయనే చెప్పారు. అన్నివైపులా మూసుకుపోయే గొట్టానికి ఎక్కడో ఒక సూదిమొనంత చిల్లు పెట్టాలి. లేకపోతే లోపలి గాలి వేడికి ఉబ్బి, టంకాన్ని బయటికి తోసేస్తుంది. కుక్కర్‌కు విజిల్ ఉన్నట్టే. రెండోది, పక్కన కొత్త అతుకు వేస్తుంటే పాత అతుకు కరిగి ఊడకుండా దానిమీద తడిగుడ్డ చుట్టాలి. వెండి టంకంతో ఆయనే రెండు అతుకులు వేసి చూపించారు. మిగతావి వాడు ఆయన ముందే కూర్చుని గ్యాస్ గన్‌తో వేశాడు. మొదటి మూడూ ఊడాయి. నాలుగోది నిలిచింది.

వాడి పుస్తకం గురించి కూడా చెప్పాలి. ఒకరోజు మంచం సర్దుతుంటే కనిపించింది. పేజీలనిండా అంకెలు. ప్రతి కొలతా ఎనిమిదితో భాగించి రాసుకున్నాడు. ఒకచోట వంపు బొమ్మ గీసి, 12 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో పావు వృత్తం తిప్పితే గొట్టం ఎంత పొడవు పడుతుందో కట్టాడు. 22/7ని 12తో గుణించి, రెండుతో భాగిస్తే దాదాపు 19 మిల్లీమీటర్లు. దానికి ముందు నాలుగు గొట్టాలు పొట్టిగా కోసి పాడుచేసుకున్నాడట, ఆ తర్వాత వచ్చిందీ తెలివి. అడ్డం పెట్టి వంచడానికి 20 మిల్లీమీటర్ల గుండ్రం కావాలని రాసుకుని, పక్కన "అమ్మ చపాతీ కర్ర పిడి" అని రాశాడు. లెక్కల్లో 20కి 7 వచ్చిన పిల్లాడి పుస్తకం అది. నేను దాన్ని మూసి, అక్కడే పెట్టేశాను. మా ఆయనకు ఫోన్లో చెప్పాలనిపించింది. కానీ ఎప్పుడూ మధ్యలో ఉండి నేనే మాట్లాడితే వాళ్లిద్దరూ ఎప్పుడు మాట్లాడుకుంటారు?

సద్దుల బతుకమ్మ రాత్రి మా ఆయన వచ్చారు. దసరా పొద్దున అత్తమ్మ ఆయుధపూజకు అన్నీ కడిగి పెట్టింది. కత్తిపీట, కొడవలి, నా కుట్టుమిషన్ కత్తెర. వాటి పక్కన నా బాపు ఆకురాయి, పట్కారు. చివర్లో, ఎవరినీ అడక్కుండా, మనవడి ఇత్తడి పంజరం కూడా తెచ్చి పెట్టి బొట్టు పెట్టింది. మా అత్తమ్మ గురించి ఇక్కడ కొన్నిసార్లు ఫిర్యాదులు రాశాను, ఒప్పుకుంటాను. ఈసారి ఈ మాట కూడా రాసుకోండి.

మా ఆయన కొబ్బరికాయ కొట్టి లేవబోతూ దాన్ని చూశారు. చేతిలోకి తీసుకున్నారు. మావాడు తలుపు దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు. ఆయన పైనుంచి అరచేత్తో నొక్కారు. ఆగింది. పక్కనుంచి తోశారు. పైభాగం కొద్దిగా ఒరిగింది.

"పైనుంచి పడితే ఆపుతది. పక్కకు బోల్తా కొడితే?" అన్నారు, ఎవరినీ చూడకుండా.

వాడు మాట్లాడలేదు.

"మా డోజర్ క్యాబిన్ మీద కూడా గిట్లనే పంజరం ఉంటది. రోప్స్ అంటరు. బండి తిరగబడ్డా ఆపరేటర్ నలగొద్దని. కింద మెత్తటి మట్టి ఉంటది, వానకాలం కట్ట జారితే అదే దిక్కు. నాలుగు మూలల చదరం ఎప్పటికైనా ఒరుగుతది. అడ్డంగా ఒకటి ఏసి మూడు మూలలు చేస్తే ఒరగదు."

ఆయన డ్యూటీ గురించి పిల్లల ముందు ఇన్ని మాటలు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఇంటికొస్తే గని సంగతి ఎత్తరు. తన తల మీద ఒక పంజరం ఉందని, అది ఎందుకుందో అని మావాడు మొదటిసారి విన్నాడు. వాడు తలెత్తి ఆయన్ని చూశాడు. తర్వాత లోపలికి వెళ్లి మిగిలిన ఇత్తడి గొట్టం, వాడి పుస్తకం తెచ్చాడు. "పొడుగు ఎంతుండాలె?" అన్నాడు. పదిహేను రోజుల తర్వాత తండ్రితో అన్న మొదటి మాట.

ఆయన పుస్తకం తిప్పారు. చాలాసేపు తిప్పారు. 22/7 ఉన్న పేజీ దగ్గర ఆగారు. "ఇది నువ్వే కట్టినవా?" అన్నారు. "ఆ" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

మధ్యాహ్నం పెరట్లో ఇద్దరూ కూర్చుని రెండు పక్కలా అడ్డగొట్టాలు వేశారు. ఆయన పట్కారుతో పట్టుకున్నారు, వాడు అతికాడు. ఎక్కడ వేడి పెట్టాలో వాడు చెప్తుంటే ఆయన వింటున్నారు. ఒకసారి ఆయన వేలు కాలింది. నేను వెన్న తీసుకురాబోయి, ఆగి, నీళ్ల కుళాయి కింద పెట్టమన్నాను. (వెన్న రాయకూడదట, చల్లటి నీళ్లే మంచిదట.) సాయంత్రం వాడు జమ్మి ఆకు ఆయన చేతిలో పెట్టి కాళ్లకు దండం పెట్టాడు. ఏటా పెట్టేదే. కానీ ఆయన ఈసారి వాణ్ని లేపి, అలాయ్ బలాయ్ చేసి, కాస్త ఎక్కువసేపు వదల్లేదు.

తప్పయిందని ఆయన అనలేదు. మార్కులు పెంచుతానని వాడూ అనలేదు. లెక్కల ట్యూషన్ ముచ్చట ఇంకా అట్లాగే ఉంది. కథలో అయితే ఈపాటికి వాడికి 20కి 20 రావాలి. రాలేదు. మొన్న స్లిప్ టెస్టులో 11 వచ్చాయి.

రాత్రి పిల్లలు పడుకున్నాక మా ఆయన అడిగారు. "వంచుడు ఎవరు నేర్పిన్రు వానికి?"

"నేనే" అన్నాను.

నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. "మరి ఇన్నేండ్లు చెప్పలేదేంది?" అన్నారు.

"మీరడగలే" అన్నాను. అందులో కొంచెం కోపం కూడా ఉంది, దాచుకోను. ఆయన కాసేపు ఊరుకుని, "క్వార్టర్‌ల బట్టలారేసే దండెం స్టాండు వంగింది. ఈసారి వచ్చినప్పుడు చూస్తవా?" అన్నారు. క్షమాపణ చెప్పడం రాని మగవాళ్ల క్షమాపణ ఇట్లాగే ఉంటుందేమో. చూస్తానన్నాను.

భూపాలపల్లి వెళ్లిన మూడోరోజు వాడికి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపారు. కాగితం వెనక పెన్నుతో గీసిన బొమ్మ. క్యాబిన్ పంజరం మూల, అక్కడ మూడు పలకల రేకు ముక్క. కింద "మూలకు ఇట్ల రేకు ఎయ్యాలె" అని రాశారు. ఆయన గీతలు గీస్తారని నాకు తెలియదు. పదిహేడేళ్లలో నేనూ అడగలేదు మరి.

మీ పిల్లలు కూడా ఇట్లాంటి పని మొదలుపెడితే నాలుగు జాగ్రత్తలు చెప్తాను. పెద్దవాళ్లు లేకుండా మంట ముట్టనివ్వకండి. ఇసుక ఎండుగా ఉండాలి. ఇత్తడిని మరీ కాలిస్తే తెల్లటి పొగ వస్తుంది, అది పీల్చకూడదు, ఆరుబయటే చేయాలి. జీఐ పైపులకు తెల్లటి జింకు పూత ఉంటుంది, వాటిని అస్సలు కాల్చనివ్వకండి. చపాతీ కర్ర ఒకటి వాళ్లకు వదిలేయండి, కొత్తది మీరు కొనుక్కోండి. నేను కొనుక్కున్నాను.

వచ్చే నెల మానుకోట వెళ్లినప్పుడు బండిని బాపుకు చూపిస్తాం. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని తట్టి చూస్తారని నాకు తెలుసు. ఈసారి లోపల ఇసుక ఉండదు, ఖాళీ గొట్టమే. దాని శబ్దం ఎట్లా ఉందంటారో చూడాలి.